లా చదవాలనుకునే పిల్లలకి డిగ్రీ ఎక్కడ: ప్రైవేటా, సొంత స్టేట్ యూనివర్సిటీయా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి పన్నెండో క్లాసులో ఉండగా ఒక రాత్రి భోజనాల దగ్గర "నేను లాయర్‌నవుతాను" అంది. ఇంట్లో అందరం ఇంజనీర్లమే. మాకు తెలిసిన లాయరు ఒక్కడే, మా ఇమిగ్రేషన్ లాయరు. డాలస్ పక్కన ఉంటాం కాబట్టి తను చివరికి టెక్సస్‌లోనే స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ చేసి, ఇప్పుడు లా స్కూల్లో ఉంది. అప్పట్నుంచి గుడి పార్కింగ్‌లో, పుట్టినరోజు పార్టీల్లో, వాట్సాప్‌లో తోటి తల్లిదండ్రులు నన్నడిగిన ప్రశ్నలివి. నేను కౌన్సెలర్‌ని కాను, ఫీజులు కట్టిన మనిషిని.

ఇక్కడ లా ఎప్పుడు మొదలవుతుంది? ఇంటర్ అవగానే చేరకూడదా?

కుదరదు. ఇండియాలో అయితే ఇంటర్ అవగానే క్లాట్ రాసి హైదరాబాద్ నల్సార్‌లోనో, విశాఖ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీలోనో ఐదేళ్ళ కోర్సులో చేరిపోవచ్చు. అమెరికాలో ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తర్వాత మూడేళ్ళ జేడీ, అంటే లా డిగ్రీ. డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా ఉండొచ్చు. లా స్కూళ్ళకి గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ ఫలానా మేజరే చెయ్యమని ఎక్కడా చెప్పదు.

"ప్రీ-లాకి బెస్ట్ కాలేజీ ఏది?" అని వెతికేవాళ్ళకి ఇక్కడే దారి తప్పుతుంది. ప్రీ-లా అంటే చాలా చోట్ల ఒక సలహాదారు, ఒక స్టూడెంట్ క్లబ్బు, వారానికోసారి వచ్చే ఈమెయిలు. అంతే. దాని కోసం లక్షలు పెట్టక్కర్లేదు.

లా స్కూళ్ళు డిగ్రీ కాలేజీ పేరు చూడవా?

చూస్తాయి, మనం అనుకునేంత చూడవు. ఎందుకో చెబుతాను.

గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూలూ ఏటా 509 రిపోర్ట్ అనే షీటు బయటపెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళ జీపీఏ, ఎల్‌శాట్ (లా స్కూల్ ప్రవేశ పరీక్ష) మార్కులు మధ్యస్థంగా ఎంత, పైన పావువంతు మందికి ఎంత, కింద పావువంతుకి ఎంత, ఇవన్నీ అందులో ఉంటాయి. ర్యాంకులిచ్చేవాళ్ళు ఆ అంకెలే వాడుకుంటారు. కాబట్టి అడ్మిషన్ ఆఫీసు కన్ను ఎప్పుడూ ఆ మధ్య అంకె మీదే. ఆ షీటులో అన్నిటికీ గళ్ళున్నాయి గానీ "ఏ కాలేజీలో డిగ్రీ చేశారు" అనే గడి లేదు. స్టేట్ యూనివర్సిటీ నుంచి 3.95తో వచ్చిన పిల్ల ఆ అంకెని పైకి లాగుతుంది. పేరున్న ప్రైవేట్ నుంచి 3.6తో వచ్చిన పిల్లాడు కిందికి లాగుతాడు. టీ-14 అని పిలుచుకునే పైవరుస స్కూళ్ళలో చాలావాటికి మధ్యస్థ జీపీఏ 3.9 పైనే, ఎల్‌శాట్ 170 పైనే.

ఈ మాట చెప్తే మా మరిది ఊరుకోలేదు. ఫోన్ తీసి అమెరికా సుప్రీంకోర్టు జడ్జీల లిస్టు చూపించాడు. తొమ్మిది మందీ డిగ్రీ ప్రైవేట్ కాలేజీల్లోనే చేశారు: ముగ్గురు ప్రిన్స్‌టన్, ఇద్దరు హార్వర్డ్, మిగతావాళ్ళు యేల్, కొలంబియా, హోలీ క్రాస్, రోడ్స్. నిజమే, కాదనను. అయితే వాళ్ళలో ఎనిమిది మంది హార్వర్డ్ లేదా యేల్ లా స్కూల్ నుంచి వచ్చారు, వాళ్ళని అక్కడికి చేర్చింది ఎక్కువగా ఆ లా స్కూలూ, తర్వాత చేసిన ఉద్యోగాలూ. ఎమీ కోనీ బారెట్ డిగ్రీ చేసిన రోడ్స్ కాలేజీ మెంఫిస్‌లో చిన్న కాలేజీ. మనలో ఎంతమంది దాని పేరు విన్నాం? హార్వర్డ్, యేల్ లా క్లాసుల్లో ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి పాత, పేరున్న ప్రైవేట్లు) పిల్లలు ఎక్కువ కనిపిస్తారన్నదీ నిజమే. వాళ్ళు ఐవీలో సీటు తెచ్చుకున్నప్పుడే పరీక్షలు బాగా రాసేవాళ్ళు కదా, అందులో కాలేజీ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

మన తెలుగువాళ్ళలోనే రెండు దారులూ ఉన్నాయి. ఉషా వాన్స్ డిగ్రీ, లా రెండూ యేల్‌లో చేశారు. 2024లో శాక్రమెంటో కోర్టులో జడ్జి అయిన విజయవాడ బిడ్డ జయ బాదిగ ఉస్మానియాలో డిగ్రీ చేసి, శాంటా క్లారాలో లా చదివారు.

జీపీఏ ఎవరు లెక్కేస్తారు? కాలేజీ ఇచ్చిందే కాదా?

కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్లికేషన్లన్నీ ఎల్‌సాక్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. అది ట్రాన్‌స్క్రిప్టులన్నీ తెప్పించుకుని జీపీఏని తన పద్ధతిలో మళ్ళీ లెక్కేస్తుంది. ఏ ప్లస్‌కి 4.33, ఏ గ్రేడుకి 4.0, ఏ మైనస్‌కి 3.67. అంటే ఏ ప్లస్ ఇచ్చే కాలేజీలో చదివితే 4.0 దాటొచ్చు. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్ ఏ ప్లస్ ఇస్తాయి. యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఇవ్వదు, పైగా ఏ మైనస్ ఇస్తుంది. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ప్లస్సులూ లేవు, మైనస్సులూ లేవు. అక్కడ ఏ వచ్చిందంటే అది నిండు 4.0. కాలేజీ ఎంచుకునేటప్పుడు గ్రేడింగ్ పద్ధతి చూడమంటే నవ్వేవాళ్ళున్నారు. లా వరకు నేనైతే క్యాంపస్ టూర్ కంటే ముందు అది చూస్తాను.

రెండోది, మొదటి డిగ్రీ చేతికొచ్చేలోగా కాలేజీ స్థాయిలో తీసుకున్న ప్రతి కోర్సూ లెక్కలోకి వస్తుంది. హైస్కూల్లో ఉండగా తీసుకున్న డ్యూయల్ క్రెడిట్ కూడా. మా అమ్మాయి పదకొండో క్లాసు వేసవిలో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో హిస్టరీ తీసుకుంది. పొద్దున్న క్లాసు, మధ్యాహ్నం ఈత, సాయంత్రం భరతనాట్యం. బీ వచ్చింది. "హైస్కూలే కదా, ఏముందిలే" అని వదిలేశాం. నాలుగేళ్ళ తర్వాత ఎల్‌సాక్ రిపోర్ట్ తెరిస్తే పైనే కూర్చుని ఉంది ఆ బీ. పదహారేళ్ళ వయసులో తెచ్చుకున్న గ్రేడు. కోర్సు మళ్ళీ తీసుకుని ఏ తెచ్చుకున్నా, పాత గ్రేడు ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తే రెండూ కలుపుతారు. డిగ్రీ అయిపోయాక తెచ్చుకునే గ్రేడ్లు మాత్రం ఇందులోకి రావు, కాబట్టి మాస్టర్స్ చేసి సర్దుకుందాం అనే ప్లాన్ పనిచెయ్యదు.

ప్రైవేట్‌లో గ్రేడ్లు ధారాళంగా ఇస్తారంటారు కదా అని అడుగుతారు. కొన్ని చోట్ల నిజమే. హార్వర్డ్‌లో ఇచ్చే గ్రేడ్లలో సగానికి పైగా ఏ గ్రేడ్లేనని 2025లో వాళ్ళ సొంత రిపోర్టే చెప్పింది. కానీ ప్రైవేట్లన్నీ ఒకలా ఉండవు. ప్రిన్స్‌టన్ 2004 నుంచి పదేళ్ళ పాటు ఏ గ్రేడ్లని 35 శాతం దగ్గర ఆపాలని చూసింది.

ఎల్‌శాట్ సంగతి? ప్రైవేట్ కాలేజీల్లో దానికి బాగా తయారు చేస్తారా?

ఏ కాలేజీ తయారు చెయ్యదు. 120 నుంచి 180 దాకా మార్కులుండే పరీక్ష. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ తీసేశారు, ఇప్పుడు వాదనల్లో తప్పొప్పులు పట్టుకోవడం, చదివి అర్థం చేసుకోవడం మిగిలాయి. పాత పుస్తకాలు ఎవరైనా ఇస్తే అందులో గేమ్స్ భాగం పక్కన పెట్టేయండి. ఎల్‌సాక్ వాళ్ళ లాహబ్‌లో అసలు ప్రశ్నాపత్రాలు కొన్ని ఉచితంగా దొరుకుతాయి. ఆరు నెలలు క్రమం తప్పకుండా కూర్చోవడమే తయారీ, అది ఏ లైబ్రరీలోనైనా ఒకటే.

డబ్బు లెక్క చెప్పండి.

మేము ఏప్రిల్‌లో వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని వేసిన లెక్కే చెబుతాను. యూటీ లాంటి చోట టెక్సస్ పిల్లలకి ట్యూషన్, గది, తిండి అన్నీ కలిపి ఏడాదికి 30-35 వేల డాలర్లు. పేరున్న ప్రైవేట్‌లో ఎయిడ్, అంటే ఫీజు సాయం, ఏమీ రాకపోతే 90 వేల చుట్టూ. ఏడాదికి 55 వేలు తేడా అనుకుంటే నాలుగేళ్ళకి 2 లక్షల 20 వేలు.

పక్క కాలమ్‌లో లా స్కూల్ పెట్టాం. పైవరుస స్కూళ్ళలో చాలాచోట్ల ట్యూషనే ఏడాదికి 75 వేలు దాటింది. మూడేళ్ళకి 2 లక్షల 25 వేలు. రెండు అంకెలూ పక్కపక్కన చూసి మా ఆయన లేచి టీ పెట్టుకున్నాడు. డిగ్రీలో మిగిలే డబ్బు దాదాపు లా స్కూల్ ట్యూషన్ మొత్తం.

ఇప్పుడు ఆ లెక్క ఇంకా గట్టిదైంది. ఇన్నాళ్ళూ లా స్కూల్‌కి గ్రాడ్ ప్లస్ లోన్ కింద ఖర్చు మొత్తం ప్రభుత్వం దగ్గరే తీసుకునే వీలుండేది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి అది లేదు. లా లాంటి ప్రొఫెషనల్ కోర్సులకి ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలు పరిమితి. మూడేళ్ళ కోర్సు కాబట్టి నిజానికి చేతికొచ్చేది లక్షన్నరే. ఏడాదికి లక్ష డాలర్ల ఖర్చున్న చోట మిగతా సగం ప్రైవేట్ లోనో, అమ్మానాన్నలో. పిల్లల డిగ్రీకి తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కి కూడా పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు అని హద్దు పెట్టారు. డిగ్రీ దగ్గరే చేతిలోది ఊడ్చేస్తే లా స్కూల్ నాటికి పట్టుకునే కొమ్మ ఉండదు.

"పెద్ద ఫర్మ్‌లో మొదటి ఏడాదే 2 లక్షల 25 వేల జీతం కదా" అంటారు. అవును, పెద్ద ఫర్మ్‌లలో అంతే. కానీ లాయర్ల జీతాలు రెండు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపు అక్కడ, రెండోది దానికి చాలా కింద, మధ్యలో ఉండేవాళ్ళు తక్కువ. మీ పిల్ల పబ్లిక్ డిఫెండర్ (లాయర్ని పెట్టుకోలేనివాళ్ళ తరఫున వాదించే ప్రభుత్వ లాయరు) అవ్వాలనుకుంటే? ప్రభుత్వంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో పదేళ్ళు పనిచేస్తూ 120 వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అయ్యే పథకం ఉంది. ప్రైవేట్ లోన్‌కి ఆ మాఫీ లేదు.

ఇద్దరికీ ఐటీ ఉద్యోగాలు. ఎయిడ్ రాదు కదా, ప్రైవేట్‌కి అప్లికేషన్ దండగేనా?

దండగ కాదు, ముందు నెట్ ప్రైస్ క్యాల్క్యులేటర్‌లో వేసి, మీ ఆదాయానికి ఎయిడ్ పోగా ఎంత కట్టాలో చూడండి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. అరగంట పని. ఈమధ్య పెద్ద పేర్లు గీత పైకి జరిపాయి: హార్వర్డ్ 2025-26 నుంచి 2 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకి ట్యూషన్ తీసేసింది, ప్రిన్స్‌టన్ చాలామందికి రెండున్నర లక్షల దాకా తీసేసింది. ఒక్కరే సంపాదించే ఇంటికి యూటీ కంటే ప్రిన్స్‌టన్ చవకవచ్చు, వింతగా ఉన్నా అంతే.

ఐవీలు మాత్రం మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. మెరిట్ డబ్బు కావాలంటే వాండర్‌బిల్ట్, డ్యూక్, యూఎస్‌సీ లాంటివి కొద్దిమందికి ఇస్తాయి. ఇంకో దారి, మీ పిల్ల మార్కులు ఆ కాలేజీ సగటుకి బాగా పైన ఉండే మధ్యస్థాయి ప్రైవేట్లు. ఎయిడ్ కోసం అందరూ నింపే ఫెడరల్ ఫారం ఫాఫ్సా కాక, చాలా ప్రైవేట్లు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం కూడా అడుగుతాయి. ఫాఫ్సా అడగని ఇంటి విలువని కూడా అది అడుగుతుంది.

మా అమ్మాయి హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవాళ్ళ పిల్లలకిచ్చే వీసా) మీద ఉంది. మాకేమైనా తేడా ఉంటుందా?

చాలా. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న మనవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు కదా.

ముందు మంచి మాట. టెక్సస్‌తో సహా చాలా స్టేట్లలో హెచ్-4 పిల్లలకి ఇన్-స్టేట్ ఫీజుకి, అంటే ఆ స్టేట్ వాళ్ళకుండే తక్కువ ఫీజుకి, అర్హత ఉండొచ్చు. తర్వాత మూడు చిక్కులు. ఫెడరల్ ఎయిడ్, ఫెడరల్ లోన్ రెండూ హెచ్-4కి రావు. 21 నిండగానే హెచ్-4 అయిపోతుంది, చాలామంది ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారతారు. అది డిగ్రీ మూడో ఏటో, నాలుగో ఏటో పడుతుంది. మారాక ఇన్-స్టేట్ ఉంటుందా, పోతుందా అన్నది స్టేట్‌ని బట్టి. చేరకముందే ఆ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మూడోది పెద్దది. లా స్కూల్ నాటికి పిల్లలు దాదాపు అందరూ 21 దాటతారు. అప్పటికీ గ్రీన్ కార్డ్ రాకపోతే పైన చెప్పిన 50 వేల లోన్ కూడా లేదు. అప్పు కావాలంటే ప్రైవేట్‌గా, తరచు సిటిజన్‌నో, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళనో హామీ పెట్టుకుని. జేడీ తర్వాత ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 వాళ్ళకి పనిచేసే అనుమతి) 12 నెలలే, సైన్స్, ఇంజనీరింగ్ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు జేడీకి ఉండదు. ఈ ఇళ్ళలో స్టేట్ యూనివర్సిటీని కాదనాలంటే చాలా గట్టి కారణం ఉండాలని నా అభిప్రాయం.

మూడొందల మంది క్లాసులో ప్రొఫెసర్‌కి మావాడెవడో తెలుస్తుందా? రికమెండేషన్ ఎవరిస్తారు?

దానంతట అది తెలియదు. ప్రైవేట్ వైపు నిజమైన బలం ఇదే, నేను ఒప్పుకుంటాను. పదిహేను మంది కూర్చునే క్లాసులో ఊరికే ఉన్నా ప్రొఫెసర్‌కి పేరు తెలుస్తుంది. పెద్ద యూనివర్సిటీలో మొదటి రెండేళ్ళూ ఎక్కువగా పేపర్లు దిద్దేది టీఏలు, అంటే ప్రొఫెసర్‌కి సాయం చేసే పీజీ విద్యార్థులు.

మా అమ్మాయి మొదటి సెమిస్టర్ ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో సెమిస్టర్‌లో గవర్నమెంట్ క్లాసు మూడొందల మంది హాలు, తను వెనక వరుస. మంగళవారం ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్. చిన్న కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్ళేది, సిగ్గు ఎక్కువ, కాగితం లేకపోతే మాట రాదు. మొదటి మూడు వారాలు ఆ గదిలో ఇంకెవరూ లేరట. మూడొందల మందికి ఒక్కరూ రాలేదు! ఆ ప్రొఫెసరే మూడో ఏట తనకి థీసిస్ గైడ్, తర్వాత లెటర్ రాసింది కూడా ఆవిడే. లెటర్‌లో ఆ కాగితాల సంగతి రాశానని తర్వాత ఆవిడే చెప్పారట.

అడిగే పిల్లలైతే పెద్ద క్యాంపస్‌లో పోటీయే లేదు. అడగలేని పిల్లలైతే ఆనర్స్ ప్రోగ్రామ్ చూడండి. యూటీలో ప్లాన్ టూ, అరిజోనా స్టేట్‌లో బారెట్ లాంటివి. చిన్న క్లాసులు, స్టేట్ ఫీజు. వీటికి అప్లికేషన్ గడువు ముందే ముగియొచ్చు, డిసెంబర్ దాకా ఆగొద్దు.

ఏ మేజర్ మంచిది? కంప్యూటర్ సైన్స్ చేస్తే చేతిలో ఏదో ఒకటి ఉంటుంది కదా?

ఇష్టంగా చేస్తే మంచిదే. పేటెంట్ లా చెయ్యాలంటే సైన్సో ఇంజనీరింగో దాదాపు తప్పనిసరి, పేటెంట్ ఆఫీసు పరీక్షకి కూర్చోవడానికే ఆ చదువు అడుగుతారు. కానీ మన భయం కొద్దీ చేయించి 3.4 తెప్పిస్తే సీఎస్సూ పోతుంది, లా కూడా పోతుంది. ఫిలాసఫీ, హిస్టరీ, ఎకనామిక్స్, ఏదైనా సరే, బాగా రాయించే డిపార్ట్‌మెంట్ అయితే చాలు.

ఏపీ (హైస్కూల్లో చదివే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు) క్రెడిట్లతో డిగ్రీ మూడేళ్ళలో ముగించొచ్చా?

స్టేట్ యూనివర్సిటీల్లో తరచు కుదురుతుంది, పేరున్న ప్రైవేట్లు చాలావరకు అంత క్రెడిట్ ఇవ్వవు. ఏపీకి గ్రేడు ఉండదు కాబట్టి ఎల్‌సాక్ జీపీఏలోకి రాదు. ఏడాది డబ్బు మిగులుతుంది. కాకపోతే రెండో ఏడు అయ్యేసరికి లా అప్లికేషన్లకి దిగాలి, అప్పటికి పిల్ల వయసు ఇరవై. లెటర్లిచ్చేవాళ్ళు తయారవ్వరు. మేము నాలుగేళ్ళే ఉంచి, చివరి ఏడు తేలిక చేసుకుని ఎల్‌శాట్ చదివించాం. ఇందులో ఇదే సరైనదని చెప్పలేను.

ఇంతకీ ప్రైవేట్‌కి ఎప్పుడు పంపొచ్చు?

ఎయిడ్ పోగా ఖర్చు స్టేట్‌కి దగ్గరగా ఉన్నప్పుడు. లా స్కూల్ డబ్బు కదల్చకుండా కట్టగలిగినప్పుడు. చిన్న చోట వికసించే పిల్ల, పెద్ద చోట ముడుచుకుపోతుందని మీకు లోపల తెలిసినప్పుడు. ఇంకోటి ఎవరూ అడగరు: లా మీద మనసు మారితే? పద్దెనిమిదేళ్ళప్పుడు లా అన్న పిల్లలు చాలామంది ఇరవై ఒకటికి కన్సల్టింగ్ అనో, ఫైనాన్స్ అనో అంటారు. వాల్ స్ట్రీట్ ఉద్యోగాల్లో డిగ్రీ కాలేజీ పేరుకి లాలో కంటే ఎక్కువ విలువుంది. ఆ అవకాశం మీ ఇంట్లో గట్టిగా ఉంటే తక్కెడ కాస్త ప్రైవేట్ వైపు వాలుతుంది.

మే 1 లోపల ఏం చెయ్యాలి?

సీటు డిపాజిట్ గడువు ఎక్కువ కాలేజీల్లో అదే. ఏడేళ్ళ ఖర్చు ఒకే షీటులో వెయ్యండి, నాలుగేళ్ళది కాదు. అది పిల్లతో కలిసి వెయ్యండి. స్కాలర్‌షిప్ లెటర్‌లో అది నాలుగేళ్ళకీ వస్తుందా, నిలుపుకోవడానికి ఎంత జీపీఏ కావాలో చదవండి. వేరే చోటి నుంచి మెరుగైన ఆఫర్ ఉంటే ప్రైవేట్ కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి మర్యాదగా రాయండి. కొన్నిసార్లు పెంచుతారు. కూరగాయల బేరం కాదని సిగ్గుపడి మా తెలిసినవాళ్ళు ఒకరు రాయలేదు, పక్కింటివాళ్ళు రాసి ఏడాదికి ఆరు వేలు తెచ్చుకున్నారు.

"అంత తెలివైన పిల్లని స్టేట్ కాలేజీలో వేశారేం?" అని చుట్టాలడిగితే?

మాకు హైదరాబాద్ నుంచి పెద్దత్తయ్య ఫోన్ చేసి ఇదే అడిగారు. మా అమ్మాయే స్పీకర్‌లోకి వచ్చి "అమ్మమ్మా, ఆ డబ్బు లా స్కూల్‌కి దాచాం" అంది. "ఓహో, ఇంకా చదువుందా?" అన్నారావిడ. "మూడేళ్ళు" అంది ఇది. కాసేపు ఆగి, "మరి పెళ్ళెప్పుడే?" అన్నారు. ఆ ప్రశ్నకి ఈ పేజీలో జవాబు లేదు.